తీయాల్సింది కొట్టే చేపని, దెబ్బలు తినేదాన్ని కాదు

మీ నాలుగడుగుల ట్యాంకులో ఏడు మలావీ సిక్లిడ్లు (ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలు) ఉన్నాయని, వాటిలో ఒక ఆరాటస్ (ఆ సరస్సుదే, గొడవలకి పేరుపడ్డ జాతి) మిగతావాటిని నిలవనివ్వడం లేదని అడిగారు. దెబ్బలు తిన్న చేపని తీసి వేరే తొట్టిలో వేస్తే మర్నాటికి ఇంకోటి హీటర్ వెనక నక్కిందన్నారు. నేనూ ఇదే చేశానండీ, అదీ వరసగా మూడుసార్లు. తోక పీలికలైన చేపని చూస్తే జాలేసి ముందు దాన్నే తీయబుద్ధవుతుంది. కానీ రౌడీ అడ్డా అక్కడే ఉంది కదా, తర్వాత ఎవరు బలహీనంగా కనిపిస్తే వాళ్ల మీద పడుతుంది.

నా ఆరాటస్ తెచ్చినప్పుడు పసుపుపచ్చగా, నల్ల చారలతో ముద్దుగా ఉండేది. పెరిగాక ఒళ్లంతా నల్లబడి చారలు లేతబడ్డాయి. జబ్బేమో అనుకుని నీళ్లు మార్చాను, మందులు వెతికాను. తీరా చూస్తే ఆ జాతిలో పెత్తనం చేతికొచ్చిన మగ చేప రంగే అది. మీదీ అలా మారి ఉంటే ట్యాంకులో యజమాని ఎవరో తేలిపోయినట్టే.

చివరికి ఫలించింది ఇది. ఆరాటస్‌ని పట్టి, హీటరూ స్పాంజ్ ఫిల్టరూ పెట్టిన తొట్టిలో వారం రోజులు ఉంచాను. (పట్టడానికే గంట పట్టింది, రాళ్లన్నీ తీస్తే గానీ వలకి దొరకదు.) ఎలాగూ రాళ్లు బయటికొచ్చాయి కాబట్టి పాత అమరిక గుర్తుకైనా రాకుండా మళ్లీ పేర్చాను. ఈలోపు మిగతావి తలా ఒక మూల చూసుకున్నాయి. ఎనిమిదో రోజు లైటు ఆర్పేశాక దాన్ని తిరిగి వదిలాను. పొద్దున చూస్తే తన గుహ ఏదో తెలియక అద్దం వెంబడే తిరుగుతోంది, కొత్తగా వచ్చిన చేపలాగే. తరమడం మళ్లీ మొదలైంది గానీ ఎవర్నీ చంపేంతగా కాదు.

రాళ్లు పేర్చడంలోనే సగం పని ఉంది. ఈ చివర నిలబడ్డ చేపకి ఆ చివర కనిపించకూడదు, కాబట్టి కుప్ప దాదాపు నీటి మట్టం దాకా రావాలి. తను తరుముతున్న చేప కంటికి ఆనకపోతే కొట్టే చేప వెంటపడడం మానేస్తుంది. ఒక్క దారే ఉన్న గుహ పెట్టకండి, పారిపోయి దూరినది అందులోనే ఇరుక్కుంటుంది. పెద్ద రాళ్లని ఇసక మీద కాకుండా అడుగునే ఆనించండి, ఎందుకంటే ఇవి తవ్వుతాయి. నాకో రాయి రాత్రిపూట దొర్లింది. అద్దం పగల్లేదు, అంతే అదృష్టం.

ఇంకోటి వింటే వింతగా ఉంటుంది: మలావీ చేపల్ని మరీ తక్కువగా ఉంచితే గొడవలు ఎక్కువ. సంఖ్య పెరిగితే దెబ్బలన్నీ ఒకదానికే పడవు. అయితే ఫిల్టర్ గట్టిది ఉండాలి, వారానికి 30 నుంచి 40 శాతం నీళ్లు మార్చాలి, నీటి పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ (రెండూ చేపలకి విషమే) సున్నా చూపాలి. ఆరాటస్ మగది ఒక్కటే, దానికి కనీసం నాలుగు ఆడవి. దానిలాంటి చారలున్న వేరే జాతి వద్దు, పోటీదారు అనుకుంటుంది. ఈ కిక్కిరిసిన పద్ధతి కన్విక్ట్ సిక్లిడ్ల (మధ్య అమెరికాకి చెందిన మరో జాతి) జంటకి మాత్రం పనికిరాదు. గుడ్లు పెట్టాక అవి సగం ట్యాంకు ఖాళీ చేయిస్తాయి, వాటికి మధ్యలో అడ్డుగోడ పెట్టడమో వేరే ట్యాంకో తప్పదు.

నీళ్లు 28 డిగ్రీలుంటే 25కి తెచ్చి చూడండి, జోరు కాస్త తగ్గుతుంది. అదొక్కటే చేసి ఊరుకుంటే లాభం లేదు.

ప్రతి తరుముడుకీ కంగారు పడకండి. పక్కపక్కన నిలబడి రెక్కలు విప్పి ఒళ్లు వణికించడం వాటి మామూలు బెదిరింపే. ఏ చేపైనా మేతకి రాకపోవడం, రంగు పాలిపోవడం, రెక్కలు ముడుచుకుని పైమూలనే ఉండడం కనిపిస్తే ఆ రోజే కొట్టేదాన్ని బయటికి తీయండి. దెబ్బలు తిన్నది మరీ గాయపడితే దాన్నీ వేరుచేయాల్సిందే, కానీ రౌడీని ట్యాంకులో వదిలేసి కాదు.

నా ఆరాటస్ నాలుగు నెలలు ఓపిక పట్టి మళ్లీ మొదలెట్టింది. ఆరడుగుల ట్యాంకున్న ఒకాయనకి ఇచ్చేశాను. అక్కడ ఎడమవైపు రాళ్లన్నీ ఇప్పుడు దానివేనట.