మూడు వేల పౌండ్లు చేపల బుట్ట దాకా వచ్చిన వైనం

చి॥ అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అంది పది రోజులైంది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ అంటే ప్రాణమనీ, ఆవిడలా నవ్విస్తూనే చురకలు వేయాలని ఉందనీ రాశావు. మంచి కోరికే. కానీ నీ పెళ్ళిచూపుల కథలో పెద్దమ్మ ఇంకా గడప దాటలేదు, అప్పుడే "డబ్బు మనిషి" అనేశావు. పేజీ తిప్పేలోగా "గయ్యాళి". కట్నం మాట రాగానే "కపటంగా నవ్వింది". బిరుదులన్నీ నువ్వే ఇచ్చేశాక చదివేవాళ్ళకి పనేం మిగిలింది? ఇంతా చేసి ఆ పెద్దమ్మ కథ మొత్తంలో మాట్లాడింది నాలుగు ముక్కలు.

ఆస్టెన్ నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' తీసి రెండో అధ్యాయం ఒక్కటి మళ్ళీ చదువు. 1811లో వచ్చిన పుస్తకం. దాని మీద ఆస్టెన్ తన పేరు కూడా వేసుకోలేదు, "ఒక మహిళ" అని ఊరుకుంది.

జాన్ డాష్‌వుడ్ తండ్రి చనిపోతూ, సవతి తల్లినీ ముగ్గురు చెల్లెళ్ళనీ చూసుకోమని కొడుకు దగ్గర మాట తీసుకున్నాడు. జాన్‌కి డబ్బుకి లోటు లేదు. చెల్లెళ్ళకి తలా వెయ్యి, మొత్తం మూడు వేల పౌండ్లు ఇద్దామనుకుని, తన మంచితనానికి తనే మురిసిపోతూ ఉంటాడు. అప్పుడు భార్య ఫానీ నోరు విప్పుతుంది. గొంతు పెంచదు, పోట్లాడదు. మన ఒక్కగానొక్క పిల్లాడి సొమ్ము కదండీ, అంటుంది. సరే, తలా అయిదు వందలు చేద్దాం అంటాడు ఈయన. పోనీ, ఆ డబ్బు కూడా వద్దు, తల్లికి ఏడాదికో వంద ఇస్తే? అని మళ్ళీ ఈయనే అంటాడు. అమ్మో, ఏటేటా డబ్బొస్తుంటే మనుషులు చస్తే చావరు, పైగా ఆవిడకి నలభై కూడా ఉండవు, గుండ్రాయిలా ఉంది, అంటుంది ఫానీ. అలా అయితే అప్పుడప్పుడూ ఓ యాభై పౌండ్లు పంపుదామంటాడు. అసలు మీ నాన్నగారి ఉద్దేశం డబ్బు కానే కాదేమో, చిన్న ఇల్లొకటి చూసిపెట్టి, సామాను మార్చడానికి సాయం చేసి, సీజన్‌లో చేపలో వేటాడి తెచ్చిన మాంసమో పంపితే సరిపోతుందని ఆవిడ తేలుస్తుంది. అక్కడితో ఆగిందా? నలుగురు ఆడవాళ్ళకి ఏడాదికి అయిదు వందల పౌండ్లు వస్తాయి, బండీ గుర్రాలూ ఉండవు, ఇంటికొచ్చే పోయేవాళ్ళూ ఉండరు, వాళ్ళే మీకు ఏమైనా ఇవ్వగలరు అనేదాకా వెళ్తుంది! చివరికి సవతి అత్తగారు తీసుకెళ్తున్న పింగాణీ సెట్టు మీద కూడా కన్నేస్తుంది.

ఆ మాటలు నడుస్తున్నంతసేపూ ఆస్టెన్ పక్కకి తప్పుకుంటుంది. అంతకుముందు అధ్యాయంలో జాన్ గురించి ఒక చురక వేసిన మాట నిజమే: కాస్త మనసు లేకపోవడం, కాస్త స్వార్థం చెడ్డతనం అనుకుంటే తప్ప చెడ్డవాడేం కాదని. ఇక్కడ మాత్రం వాళ్ళకి ఒక్క బిరుదు కూడా తగిలించదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ తాము న్యాయంగానే మాట్లాడుతున్నామనుకుంటారు. ఒక్కో మెట్టు దిగుతున్నప్పుడు మనకీ "అదీ నిజమే కదా" అనిపిస్తుంది చూడు, అక్కడే మన గుట్టు కూడా బయటపడుతుంది.

ఇంకోటి, అంకెలు. "భారీగా అడిగారు" అని రాశావు. భారీ అంటే ఎంత? అయిదు లక్షలా, యాభై లక్షలా, కాలవ పక్కన రెండెకరాలా? 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నవల్లో డార్సీకి ఏడాదికి పది వేల పౌండ్లు వస్తాయనీ, బెన్నెట్ గారికి రెండు వేలనీ ఆస్టెన్ దాచకుండా చెబుతుంది. పైగా ఆ బెన్నెట్ ఆస్తి అయిదుగురు కూతుళ్ళకీ రాదు, కాలిన్స్ అనే చుట్టానికి పోతుంది. ఆ లెక్క తెలిశాక, సంబంధాల కోసం మిసెస్ బెన్నెట్ పడే ఆరాటం చూసి నవ్వుతూనే ఉంటాం గానీ, లోపల ఎక్కడో కలుక్కుమంటుంది.

నీలాంటి అమ్మాయికి ఆస్టెనే ఉత్తరాలు రాసింది, తెలుసా? 1814లో మేనకోడలు అనా ఓ నవల రాస్తూ భాగాలు భాగాలుగా పంపేది. పల్లెలో మూడు నాలుగు కుటుంబాలుంటే రాసుకోవడానికి చాలంది మేనత్త. నీ పాత్రలు ఐర్లండ్ వెళ్తే వెళ్ళనీ, అక్కడి పద్ధతులు నీకు తెలీవు కాబట్టి నువ్వు మాత్రం వాళ్ళతో వెళ్ళకు అంది. (నీ కథలో చివరి మూడు పేజీలు డల్లాస్‌లో ఎందుకు జరిగాయో నాకు అర్థం కాలేదు.) విలాసాల సుడిగుండంలో పడ్డాడు లాంటి వాక్యం చూసి, పడితే పడనీ గానీ ఆ మాట మాత్రం భరించలేను, ఆదాము చదివిన మొదటి నవల్లోనే ఉండుంటుంది అని నవ్వింది. అన్నిటికన్నా నాకు నచ్చింది వేరే. అనా నవల్లో ఒక పెద్దమనిషి చెయ్యి విరిగిన మర్నాడే గుర్రాలశాల దాకా నడిచి వెళ్తాడు. ఆస్టెన్ దాన్ని కొట్టేసింది. మీ నాన్న నిజంగానే అలా వెళ్ళాడు, అయినా పుస్తకంలో నమ్మబుద్ధి కాదు అంది. నువ్వు ఫోన్‌లో "అది నిజంగా జరిగిందండీ" అన్నప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

ఇక చురకల సంగతి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ చెబుతాను. నీ వయసులో మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ మీద కథ రాశాను. ఎవరూ లేని మనిషి, నోరు తెరిస్తే ఆపేది కాదు. ఒక పత్రికలో పడింది. వీధంతా పడీ పడీ నవ్వారు. ఓ సాయంత్రం ఆవిడే ఆ పత్రిక పట్టుకుని మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "అంత విసిగిస్తానా అమ్మా?" అంది. లోపలికి రమ్మన్నా రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆస్టెన్ నవల 'ఎమ్మా' చదివాను. బాక్స్ హిల్ పిక్నిక్‌లో ఎమ్మా, పాపం వాగుడుకాయ మిస్ బేట్స్‌ని నలుగురిలో ఒక మాట అంటుంది. ఆవిడ ముఖం ఎర్రబడుతుంది. పాత స్నేహితురాలితోనే ఇలా అందంటే నేను అంత భరించలేని మనిషినయ్యుంటాను అంటుంది. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను, ఆ రోజుకి మళ్ళీ తెరవలేదు. డబ్బున్న మనిషివి, ఆవిడ పేదరాలు, ఎలా అనగలిగావని ఆ ఇంటి పాత స్నేహితుడు నైట్లీ ఎమ్మాని నిలదీస్తాడు. నన్నెవరూ అలా అడగలేదు.

నీ కథలో వంటమనిషి మీద వేసిన జోకు అందుకే కొట్టేశాను. పెద్దమ్మ మీద వేసినవి ఉంచు, ఆవిడ తట్టుకోగలదు. ఆవిడకి రెండు పేజీల మాటలివ్వు, కట్నం అంకె వెయ్యి, డల్లాస్ తీసెయ్యి. సంక్రాంతి లోపు పంపితే తీరిగ్గా చూస్తాను, ఆ తర్వాత మనవలు దిగుతారు.

ఇట్లు
మీ అమ్మమ్మ ఈడు రచయిత్రి