బర్న్‌సైడ్ మీద నీ వ్యాసం చదివాక

చిరంజీవికి,

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని ఆంబ్రోస్ బర్న్‌సైడ్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. నీ వాక్యం బాగుంటుంది. కానీ ఆయన బుగ్గమీసాలకి మూడు పేరాలిచ్చి, ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధాన్ని ‘అక్కడ కాలం కలిసిరాలేదు’ అని ఒక్క ముక్కలో దాటేశావు. కోపం వచ్చింది నాకు.

ఆయన వైపే 12,000 మందికి పైగా చచ్చిపోయారు, గాయపడ్డారు, జాడ తెలీకుండా పోయారు. 1862 నవంబరులో సైన్యం రాపహానక్ నది ఒడ్డుకి చేరేసరికి అవతల శత్రువు పల్చగా ఉన్నాడు. వంతెన కట్టే పడవలు మాత్రం రాలేదు. అవి వచ్చేలోపు దక్షిణాది సేనాని లీ సైన్యం కొండలెక్కి కూచుంది. డిసెంబరు 13న, మేరీస్ హైట్స్ కింద రాతిగోడ మీదికి, బర్న్‌సైడ్ ఒక దళం కూలితే ఇంకో దళాన్ని పంపుతూనే ఉన్నాడు. గోడ ఎవరికీ చిక్కలేదు. తర్వాత, ఈ ఓటమికి బాధ్యత నాదేనని పై అధికారి హాలెక్‌కి ఉత్తరం రాశాడు. ఈ సేనాధిపతి పదవి నావల్ల కాదని అంతకుముందు వద్దన్న మనిషే! ఆ ఉత్తరం దగ్గర ఆగాలమ్మా నువ్వు.

‘వ్యాపారంలోనూ రాణించారు’ అన్నావు. ఎక్కడ? రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని బ్రిస్టల్‌లో తను కనిపెట్టిన తుపాకీకి ఫ్యాక్టరీ పెట్టి చితికిపోయాడు. పేటెంట్లు వదులుకుని రైల్వే ఉద్యోగానికి వెళ్లాడు. యుద్ధమొచ్చాక ప్రభుత్వం అవే తుపాకులు 50,000కు పైగా కొంది. ఆ లాభం వేరేవాళ్లకి పోయింది.

నా మొదటి రోజుల్లో ఒక నూనెమిల్లు యజమాని జీవితం రాసి వారపత్రికకిచ్చాను. మిల్లు మూతపడ్డ రోజు తాళంచెవి ఎవరికివ్వాలో తెలీక ఆయన చీకటిపడే దాకా గేటు దగ్గరే నిలబడ్డాడని రాశాను. ఎడిటర్ ఆ పేరా కోసేసి సన్మానాల లిస్టు వేశాడు. పత్రిక పట్టుకెళ్లి చూపిస్తే, పెద్దాయన పేజీ తిరగేసి, ‘ఇందులో నేనెక్కడున్నాను బాబూ?’ అన్నారు. ముప్పై ఏళ్లయింది, ఆ కోత నేనింకా మర్చిపోలేదు.

ఏ పత్రికకి పంపాలన్నది తర్వాత చూద్దాం. ఫ్రెడరిక్స్‌బర్గ్ సంగతి తెలిసీ రోడ్ ఐలండ్ జనం ఆయన్ని మూడుసార్లు గవర్నరుగా ఎందుకు ఎన్నుకున్నారో వెతుకు. మీసాలు తీసెయ్. పడవల కోసం ఎదురుచూసిన ఆ నది ఒడ్డున మొదలుపెట్టి మళ్లీ పంపు.

ఆశీస్సులతో.