మందు వాడకుండానే రిపోర్టులో ‘ఆర్’ ఎలా వచ్చింది?

ప్రశ్న: మా ఆయనకు వారం రోజులు జ్వరం, విరేచనాలు. మలం కల్చర్ చేస్తే సాల్మొనెల్లా అన్నారు. రిపోర్టులో సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా ‘ఆర్’ అని ఉంది. ఆయన ఆ మందు ఎప్పుడూ వాడలేదు. చికెన్ వల్ల అయి ఉంటుందని తెలిసినవాళ్లు అంటున్నారు. మేం బాగా ఉడికించే తింటాం. ఒకటే టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: ‘ఆర్’ అంటే రెసిస్టెంట్, ఆ మందుకు లొంగదని. లొంగనిది మీ ఆయన ఒళ్లు కాదమ్మా, ఆ ఒంట్లో చేరిన బ్యాక్టీరియా. అది బయటే మొండికెక్కి వచ్చింది.

20 ఏళ్లుగా ల్యాబ్‌లో ఇవే చూస్తున్నాను. పళ్లెంలో బ్యాక్టీరియాను పరిచి, మందు అద్దిన చిన్న కాగితం బిళ్లలు పెడతాం. మర్నాటికి పళ్లెమంతా మీగడ కట్టినట్టు పెరుగుతుంది. పనిచేసే మందు చుట్టూ మాత్రం ఖాళీ వలయం ఉంటుంది. ఇలాంటి కేసుల్లో సిప్రో బిళ్ల అంచుదాకా మీగడ పాకేసి ఉంటుంది. అది చూస్తే ఇప్పటికీ నాకు దిగులే.

కోళ్లకు మందు తాగేనీళ్లలో కలిపి షెడ్డు మొత్తానికి ఇస్తారు, జబ్బు లేనివాటికీ అందుతుంది. వాటికిచ్చే ఎన్రోఫ్లాక్సాసిన్ కోడి ఒంట్లో కొంత సిప్రోగానే మారుతుంది. లొంగే బ్యాక్టీరియా చస్తే, లొంగనిది పేగుల్లో మిగిలి పెరుగుతుంది. కోసేటప్పుడు మాంసానికి అంటుతుంది. అమెరికా 2005లో ఆ మందును కోళ్లకు ఇవ్వకుండా ఆపేసింది.

కెనడాలోని క్యూబెక్‌లో హేచరీలు (కోడిపిల్లలను పొదిగించే కేంద్రాలు) గుడ్లలోకే సెఫ్టియోఫర్ అనే యాంటీబయాటిక్ ఎక్కించేవి. మనుషులకిచ్చే సెఫ్ట్రియాక్సోన్‌కు అది దగ్గరి చుట్టం. 2005లో మానేశాక ఆ మందుకు లొంగని సాల్మొనెల్లా చికెన్‌లో తగ్గింది, రోగుల్లోనూ తగ్గింది. 2007లో కొంత వాడకం మళ్లీ మొదలయ్యాక మళ్లీ తలెత్తింది. ఈ సంబంధాన్ని ఇంత స్పష్టంగా చూపేది నాకు ఇంకోటి కనిపించలేదు.

అయినా మీ ఆయనకు చికెన్ వల్లే వచ్చిందని ఒక్క రిపోర్టు చూసి చెప్పలేను. గుడ్ల నుంచీ, పచ్చిపాల నుంచీ రావచ్చు. ఉడికించడం గురించి మీరు అన్నది నిజమే. లోపలిదాకా 74 డిగ్రీల వేడి తగిలితే మొండి బ్యాక్టీరియా కూడా చస్తుంది. ఇబ్బంది పొయ్యి మీదికి చేరకముందే ఉంది. పచ్చిమాంసాన్ని కుళాయి కింద కడిగితే తుంపర్లు పక్కనున్న గిన్నెల మీద పడతాయి. అదే కత్తితో, అదే చెక్కమీద పచ్చిగా తినే కూరగాయలు తరిగితే మరీ ప్రమాదం.

సాల్మొనెల్లా విరేచనాలు చాలామందిలో యాంటీబయాటిక్ లేకుండానే తగ్గుతాయి. ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకుంటే చాలు. కానీ జ్వరం వారం ఉందంటున్నారు కాబట్టి డాక్టరు చూడాల్సిందే. మందు అవసరమైతే, రిపోర్టులో ‘ఎస్’ అని ఉన్న, అంటే బ్యాక్టీరియా లొంగే మందుల్లోంచే డాక్టరు ఎంచుకుంటారు. ఆ కాగితం పారేయకండి. జ్వరం తిరగబెడితే ముందు దాన్నే చూపించండి.