1939 రూపాయికి అంత ధర ఎందుకు?

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో ఆరో జార్జి వెండి రూపాయలు దొరికాయి. ఒకదాని మీద 1939 అని ఉంది. ఆన్‌లైన్ వేలంలో ఆ ఏడాది రూపాయి లక్షల్లో పోయింది. 1938 రూపాయికి మాత్రం వెండి ఖరీదు మీద కాస్త ఎక్కువ వచ్చిందంతే. ఒక్క ఏడాదికి ఇంత తేడానా? మాది తోమించి అమ్మకానికి పెట్టమంటారా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: దయచేసి తోమకండి. చింతపండు, పాలిష్ ఏవీ వద్దు. తోమితే సన్నని గీతలు పడతాయి, సేకర్తలు వాటిని ఇట్టే పట్టేస్తారు. అసలు నాణెమైనా ధర బాగా పడిపోతుంది.

ధర వయసును బట్టి రాదు, ఎన్ని మిగిలాయన్న దాన్ని బట్టి వస్తుంది. 1939 దాకా రూపాయిలో 91.7 శాతం వెండి ఉండేది, 1940లో దాన్ని 50 శాతానికి తగ్గించారు. పాతవి చాలావరకు కరిగిపోయాయి. 1939 ముద్ర ఉన్నవి బయట మిగిలింది చాలా తక్కువ. ఏడాది వారీగా కూర్చుకునేవాళ్లకు చివరిదాకా దొరకనిది అదే. 1911 నాటి ‘పంది రూపాయి’ కథా ఇలాంటిదే. అయిదో జార్జి అంగీ మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవై, దాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఇక వేలం పాట సంగతి. ఒకరు 2 లక్షల దాకా, ఇంకొకరు 60 వేల దాకా సిద్ధపడితే పాట 60 వేలు దాటి ఒక మెట్టు మీద ఆగుతుంది. ఆ రెండో మనిషి లేకపోతే అదే నాణెం 20 వేలకే పోవచ్చు. కాబట్టి ఒక్క అమ్మకాన్ని చూసి ధర కట్టొద్దు. అడిగిన ధరలు కాదు, అమ్ముడైన ధరలు నాలుగైదు చూడండి.

మీది అసలుదేనా అన్నదే పెద్ద ప్రశ్న, ఎందుకంటే 1939కి నకిలీలు విపరీతం. అరగని నాణెం 11.66 గ్రాములు తూగాలి. 0.01 గ్రాము దాకా చూపే కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నూలుదారం కట్టిన నాణేన్ని అడుగుకు, పక్కలకు తగలకుండా పూర్తిగా ముంచండి. అప్పుడు కాటా 1.13 దగ్గర ఆగాలి. 1.2 దాటితే అందులో వెండి తక్కువన్నమాట. తర్వాత రుద్దకుండా, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టండి.

అయితే 1938ని 1939గా దిద్దినదాన్ని ఈ పరీక్ష పట్టదు, లోహం ఒకటే కదా. పది రెట్లు చూపే భూతద్దంతో చివరి 9ని, దాని చుట్టూ ఉన్న చదును భాగాన్ని చూడండి. 8లోని కింది సున్నాను చెక్కి 9గా మార్చిన చోట గీతలు, చిన్న గుంట, తేడా మెరుపు కనిపిస్తాయి. అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉంటే అది పోత నాణెం. ఇవన్నీ దాటితే, పరీక్షించి సీలు వేసే గ్రేడింగ్ సంస్థకు పంపాకే వేలానికి ఇవ్వండి. అమ్మకందారు కమీషన్ ఎంతో ముందే రాయించుకోండి.

ప్రశ్న: వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల నాణేనికి లక్షలు ఇస్తామని ఫోన్ వచ్చింది. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటున్నారు.
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: కట్టకండి, అది మోసం. ఆ నాణేలు వాడకానికే పెద్ద సంఖ్యలో వచ్చాయి. తన పేరు చెప్పి పాత నాణేలకు, నోట్లకు ఫీజులు, పన్నులు అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.