ఇద్దరి నగర విహారం: డబ్బు ముందుగా దేనికి తీసిపెట్టాలి?

ప్రశ్న: మాకు పెళ్లయి ఎనిమిదేళ్లయింది. ఏడాదికి ఒక్కసారైనా మేమిద్దరమే ఏదైనా కొత్త నగరానికి వెళ్లి రెండు రాత్రులు ఉండి రావాలనుకుంటాం. పోయినసారి అద్దె తక్కువని ఊరి చివర గది తీసుకున్నాం. డబ్బు చాలావరకు టాక్సీలకే అయిపోయింది. రాత్రిపూట అంత దూరం వెళ్లడం కష్టమని చీకటి పడకముందే గదికి చేరుకునేవాళ్లం. మావారికి మంచి చోట తీరిగ్గా భోంచేయడం ఇష్టం, నాకు బజార్లు తిరగడం ఇష్టం. చివరికి రెండూ కుదరలేదు. ఉన్న కొద్దిపాటి డబ్బును బసకు, భోజనానికి, కొనుగోళ్లకు ఎలా సర్దుకోవాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: చీకటి పడకముందే గదికి చేరుకునేవాళ్లమన్న మీ మాట చదివి నిజంగా బాధ కలిగింది. భార్యాభర్తలు కలిసి వెళ్లిన ఊళ్లో, పగలు చూసినవాటి గురించి మాట్లాడుకుంటూ వీధుల్లో నడిచే సాయంత్రాలే విలువైనవి. వాటిని పోగొట్టుకుని అద్దెలో ఎంత మిగిల్చినా అది మిగులు కాదు.

చాలామంది చేసినట్టే మీరూ ముందు గది తీసుకుని, మిగిలిన డబ్బును భోజనానికి, బజారుకు సర్దుకున్నారు. ఈసారి వరుస మార్చండి. మావారికి నచ్చేది ఒక భోజనం, నాకు నచ్చేది ఒక పూట బజారు అనుకుని, ఆ రెంటికీ కావలసిన సొమ్మును మొట్టమొదట విడిగా తీసిపెట్టండి. ఆయన భోజనం ఖర్చును మీరు, మీ కొనుగోళ్ల ఖర్చును ఆయన లెక్క అడగకూడదని ఇంట్లోనే ఒప్పందం చేసుకోండి. మిగిలిన సొమ్ముతో గది వెతకండి.

గది వెతికేటప్పుడు అద్దెను ఒంటరిగా చూడకండి. అద్దె, రెండు రోజుల రానూపోనూ ఛార్జీలు కలిపి ఒకే అంకెగా కాగితం మీద రాసుకుని, ఆ అంకెతోనే ఒక గదిని మరొకదానితో పోల్చండి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, మీరు సాయంత్రం గడపాలనుకున్న చోటు నుంచి ఆ హోటల్‌కు రాత్రి తొమ్మిదిన్నరకు బయల్దేరితే ఎంతసేపు పడుతుందో, ఎన్ని బళ్లు మారాలో చూడండి. పట్టపగలు వేళ పెట్టి చూస్తే అన్ని దారులూ సులువుగానే కనిపిస్తాయి. ఆఖరి మెట్రో ఎన్నింటికో కూడా తెలుసుకోండి. నగరం నడిబొడ్డునే ఉండనక్కరలేదు; అక్కడికి నేరుగా వెళ్లే లైను మీద మూడు నాలుగు స్టేషన్ల అవతల, స్టేషనుకు ఐదారు నిమిషాల నడకలో ఉన్న గది తరచుగా అన్నివిధాలా అనుకూలంగా ఉంటుంది.

ఏ రోజుల్లో వెళ్తారన్నది కూడా అద్దెను చాలా మారుస్తుంది. ఆఫీసులు, వ్యాపారాలు ఎక్కువగా ఉన్న నగరాల్లో హోటళ్లు సోమవారం నుంచి గురువారం వరకు ఉద్యోగరీత్యా వచ్చేవారితో నిండి, శని ఆదివారాల్లో ఖాళీ అవుతాయి కనుక అద్దె తగ్గుతుంది. విహారానికే పేరున్న ఊళ్లలో సరిగ్గా దీనికి విరుద్ధంగా జరుగుతుంది. బుకింగ్ చేసేటప్పుడు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో కనిపించే ధరను నమ్మి నిర్ణయం తీసుకోకండి. పన్నులు, సేవా రుసుములు చాలాసార్లు ఆఖరి పేజీలోనే కలుస్తాయి, యూరప్‌లోని అనేక నగరాల్లోనైతే బస పన్నును హోటల్‌కు వెళ్లాక విడిగా వసూలు చేస్తారు. ‘డబుల్’ అంటే ఇద్దరికీ కలిపి ఒకే పెద్ద మంచం, ‘ట్విన్’ అంటే రెండు విడి మంచాలు. ఈ తేడా తెలియక వెళ్లి కౌంటర్ దగ్గర ఇబ్బందిపడే దంపతులు ఉంటారు. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిరాని ధర కాస్త తక్కువే గాని, ప్రయాణం ఖాయమైతే తప్ప దాని జోలికి వెళ్లవద్దు.

భోజనం విషయంలో మీవారికి ఒక సూచన. పేరున్న రెస్టరెంట్లలో చాలావాటికి మధ్యాహ్నానికి విడిగా ఒక మెనూ ఉంటుంది. వంటగది అదే, వంటవారూ వారే, ధర మాత్రం రాత్రికన్నా బాగా తక్కువ. పెద్ద భోజనాన్ని మధ్యాహ్నానికి మార్చుకుని, రాత్రి తేలికగా ఏదైనా తినండి. చూడవలసిన ప్రసిద్ధ స్థలానికి ఎదురుగా ఉన్న వీధిలో తినకుండా, రెండు వీధులు లోపలికి నడిచి, ధరలతో సహా మెనూ బయటే పెట్టిన చోటు చూసుకోండి. బిల్లులో సర్వీస్ ఛార్జి కలిసి ఉందో లేదో చదివాకే టిప్ సంగతి ఆలోచించండి. ఉదయం మీకు కాఫీ ఒక్కటే చాలనుకుంటే, టిఫిన్ కలిపిన గది ధరకు ఎక్కువ చెల్లించడం దండగ.

బజారును ఆఖరి రోజుకు వాయిదా వేయకండి. సామాను సర్దుకునే తొందరలో కొన్నదాని సైజు సరిపోకపోతే మార్చుకునే వ్యవధి ఉండదు. రెండో రోజు మధ్యాహ్నం మంచిది: పొద్దున్న దుకాణాలు చూసి ధరలు రాసుకోండి, భోజనం చేయండి, అప్పటికీ మనసులో నిలిచిన వస్తువునే వెళ్లి కొనండి. ఫ్యాక్టరీ అవుట్‌లెట్లలోని సరుకంతా షోరూముల్లో మిగిలిపోయినదే అనుకోకండి. కొన్ని బ్రాండ్లు వాటి కోసమే విడిగా తయారుచేయిస్తాయి, కాబట్టి కుట్టు, గుడ్డ చేత్తో పట్టి చూడండి. విమానంలో వెళ్తే చేతి సంచికి చాలా సంస్థలు 7 కిలోలే అనుమతిస్తాయన్న సంగతి బేరమాడేటప్పుడు గుర్తుండాలి.

ఖర్చు లేకుండా చూడదగినవీ పెద్ద నగరాల్లో ఉంటాయి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో శాశ్వత ప్రదర్శనలకు టికెట్ లేదు. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో రోజూ చివరి రెండు గంటలు ప్రవేశం ఉచితం. అయితే సెలవు దినం ముందే చూసుకోవాలి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది.

ప్రశ్న: విదేశాల్లో కొన్న వస్తువులపై కట్టిన పన్ను తిరిగి ఇస్తారంటారు. నిజమేనా? కార్డుతో చెల్లించవచ్చా?
— మరో పాఠకుడు

జవాబు: కొన్ని దేశాల్లో నిజమే. యూరోపియన్ యూనియన్‌లో బయటి దేశాలవారు కొన్న వస్తువులకు ఈ సదుపాయం ఉంది, కాని హోటల్ గదికి, భోజనానికి వర్తించదు. కొనేటప్పుడే పాస్‌పోర్ట్ చూపించి దుకాణంలో ఫారం తీసుకోవాలి. తిరుగు ప్రయాణంలో ఆ ఫారంపై కస్టమ్స్ ఆమోదం పొందాలి. అధికారులు వస్తువులు చూపమని అడగవచ్చు కనుక పెట్టెను విమాన సంస్థకు అప్పగించకముందే ఆ పని ముగించండి. బ్రిటన్ మాత్రం 2021 జనవరి 1 నుంచి ఈ సదుపాయాన్ని ఎత్తివేసింది, ఒక్క ఉత్తర ఐర్లాండ్‌కే మినహాయింపు ఇచ్చింది.

కార్డు వాడవచ్చు. అయితే యంత్రం మీద మీ దేశపు కరెన్సీలోనా, స్థానిక కరెన్సీలోనా అన్న ప్రశ్న వస్తే స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. మీ కరెన్సీ అంటే మారకపు రేటును ఆ యంత్రం తరఫువారే నిర్ణయిస్తారు, అది దాదాపు ఎప్పుడూ బ్యాంకు రేటుకన్నా ఎక్కువే పడుతుంది. దుకాణంలో వారు మిమ్మల్ని అడగకుండానే మీటను నొక్కేస్తే, ఆ లావాదేవీని రద్దుచేసి మళ్లీ చేయమని నిస్సంకోచంగా అడగండి.