చిమ్నీ స్వీపర్ పోయెంలో పదాలు, సౌండ్ గురించి ఏం రాయాలి? నాకైతే గుంతకల్ స్టేషన్‌లో తెలిసింది

ఇంగ్లిష్ కవి విలియం బ్లేక్ 1789లో రాసిన చిమ్నీ స్వీపర్ (ఇళ్ల పొగగొట్టాల్లోకి ఎక్కి మసి ఊడ్చే పిల్లాడు) పోయెం మీద, అందులో పదాల ఎంపిక, శబ్దం గురించి ఎలా రాయాలని అడిగారు. నాకూ డిగ్రీలో అదే పోయెం. గైడ్‌లో ఉన్నది బట్టీ కొట్టి రాశా, మార్కులు బానే వచ్చాయి, పోయెం మాత్రం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఓ రాత్రి రెండింటికి మా బండి గుంతకల్‌లో ఆగింది. ఆరేళ్లుంటాయేమో, ముందు పళ్లు ఊడిన పిల్లాడు, కెటిల్ బరువుకి ఓ పక్కకి ఒరిగిపోతూ కిటికీల వెంబడి "తాయ్ తాయ్ తాయ్" అని అరుచుకుంటూ వస్తున్నాడు. చాయ్ అనడానికి నోరు తిరగట్లేదు వాడికి. ఎదురు బెర్త్‌లో కన్నడావిడ లేచి కూర్చుంది. "మా భాషలో తాయి అంటే అమ్మండీ, వీడు అమ్మా అమ్మా అని అరుస్తున్నట్టే ఉంది నాకు" అంది. నాకు ఒళ్లు ఝల్లుమంది.

ఎందుకంటే పోయెం మొదలయ్యేదే అమ్మ చచ్చిపోవడంతో. నాలుక ఇంకా వీప్ వీప్ అని కూడా సరిగ్గా అరవలేని వయసులో నాన్న నన్ను అమ్మేశాడు అంటాడు పోయెంలో పిల్లాడు. వాడు వీధుల్లో తిరుగుతూ స్వీప్ స్వీప్ (ఊడుస్తా, ఊడుస్తా) అని కేకేసి పని అడగాలి, స పలకదు, స పోతే మిగిలేది వీప్, అంటే ఏడుపు. బ్లేక్ ఒక్క అక్షరం మింగేసి ఇంత పని చేశాడు. అక్షరం పోయిందని చెప్పే చిన్న కొమ్ము గుర్తు (అపోస్ట్రఫీ) చాలా పుస్తకాల్లో వీప్ ముందు వేస్తారు, మా గైడ్‌లో దాన్నే ఎగరగొట్టారు! అలిటరేషన్, ఇమేజరీ అని పేర్లు మాత్రం పేజీ నిండా ఉన్నాయి. ఈ గైడ్లంటే నాకు ఇప్పటికీ మంటే.

ఆ తర్వాత లైను, మీ చిమ్నీలు ఊడుస్తా, మసిలో పడుకుంటా అని. వీప్, స్వీప్, స్లీప్. ఏడుపుకీ పనికీ నిద్రకీ ఒకటే చప్పుడు. అందరూ ఈ ప్రాస దగ్గరే ఆగిపోతారు, నాకైతే ఆ "మీ" అన్న మాటే అన్నిటికంటే పెద్దది. ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని ఈ పనిలో పెట్టొద్దని 1788లోనే ఇంగ్లండ్‌లో చట్టం చేశారు, అయినా 1875 చట్టం వచ్చేదాకా పిల్లలు చిమ్నీలెక్కుతూనే ఉన్నారు, అంటే పోయెం చదువుతున్న వాళ్ల ఇళ్లలోనే. గుంతకల్‌లో నేనూ కిటికీలోంచి చెయ్యి చాపి ఆ టీ తీసుకున్నా, తాగా.

కాబట్టి మీరు ముందు ఆ "మీ" గురించి రాయండి. రాసేముందు పోయెం పైకి చదవండి, ఉయ్యాల ఊగినట్టు పోతుంది. డిక్, జో, నెడ్, జాక్ అని పిల్లల పేర్లొచ్చే చోట మాత్రం ఆగండి, నాలుగూ ఒక్కో దెబ్బలా పడతాయి, వెంటనే నల్ల శవపేటికలొస్తాయి.