సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) వచ్చింది, ఎయిర్‌లైన్స్‌కి పంపే రెజ్యూమెలో ఏం రాయాలి?

తమ్ముడూ, మిర్యాలగూడలో నెట్ సెంటర్ వాళ్లతో నాలుగు పేజీల బయోడేటా చేయించా, సీపీఎల్ ఉంది, ఎగిరింది మొత్తం 210 గంటలు, ఇది పంపొచ్చా అని అడిగావు. పంపకు. నాది దేవరకొండ, ఇప్పుడు ఏ320 విమానం మీద ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా చేస్తున్నా, జూనియర్ల రెజ్యూమెలు చాలానే చూసిపెట్టా కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా.

నెట్ సెంటర్‌లో ఉండేది డిగ్రీ అయిపోయి ప్రైవేటు ఉద్యోగాలకు పోయేవాళ్ల ఫార్మాట్. పైన కెరీర్ ఆబ్జెక్టివ్ అని నాలుగు లైన్లు, కింద తండ్రి పేరు, మతం, హాబీలు, చివర డిక్లరేషన్. పైలట్ రెజ్యూమె తెరిచినవాళ్లు ముందు చూసేది గంటలు, లైసెన్సు, రేటింగులు (లైసెన్సు మీద అదనంగా వచ్చే అనుమతులు), మెడికల్. అవన్నీ మొదటి పేజీ పై సగంలోనే కనబడాలి. 210 గంటలకి ఒక్క పేజీ చాలు.

మొదట పేరు సంగతి చూసుకో. మన దగ్గర పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో అది వెనక్కి పోతుంది. రెజ్యూమెలో లైసెన్సు మీద ఎట్లా ఉందో అక్షరం మారకుండా అట్లాగే రాయి. లైసెన్సుకీ పాస్‌పోర్టుకీ పొంతన లేకపోతే అప్లై చేసే ముందే దిద్దించుకో, సెలెక్ట్ అయ్యాక దానికోసం ఆఫీసుల చుట్టూ తిరగడం మహా టెన్షన్.

ఇక అసలు విషయం గంటల టేబుల్. 'టోటల్ 210' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఏమీ చెప్పనట్టే, ఎందుకంటే సీపీఎల్‌కి 200 గంటలు ఎట్లాగూ ఉండాలి, అందులో 100 పీఐసీ (పైలట్ ఇన్ కమాండ్, అంటే విమానం బాధ్యత నీదే అయి నడిపినవి) ఉండాలి, అది అందరికీ ఉంటుంది. కాబట్టి విడదీసి రాయి: పీఐసీ ఎంత, డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి) ఎంత, క్రాస్ కంట్రీ (ఒకచోటి నుంచి ఇంకోచోటికి), నైట్, ఇన్‌స్ట్రుమెంట్ (బయటికి చూడకుండా మీటర్లను బట్టి), మల్టీ ఇంజిన్, ఇంకా ఏ విమానం మీద ఎన్ని గంటలు, సెస్నా 152 అయితే అది, 172 అయితే అది, డీఏ42 అయితే అది. సిమ్యులేటర్ గంటలకి వేరే వరుస పెట్టు, టోటల్‌లో కలపకు. ఐఆర్‌కి (ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కి) కావలసిన 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ టైమ్‌లో 20 దాకా సిమ్యులేటర్ మీద చేయొచ్చు కదా అని కొందరు వాటిని టోటల్‌లో కూడా కలిపేస్తారు, అవి గాల్లో ఎగిరిన గంటలు కావు. టేబుల్ కింద ఏ తేదీ వరకు లెక్క అన్నది, చివరిసారి ఎప్పుడు ఎగిరావన్నది రాయి. ప్రతి అంకె లాగ్‌బుక్‌తో సరిపోవాలి. పది గంటలు పెంచి రాస్తే ఎవరికి తెలుస్తుందిలే అనేవాళ్లు నీకూ తగులుతారు, వాళ్ల మాట అస్సలు వినకు. 2011లో దొంగ మార్కుల మెమోలతో ఏటీపీఎల్ (కెప్టెన్ కావడానికి కావలసిన లైసెన్సు) తీసుకున్న పైలట్లు బయటపడి అరెస్టుల దాకా పోయింది. ఇంట్లోవాళ్లు పొలం అమ్మో, అప్పు తెచ్చో కట్టిన ఫీజు ఇది, దొంగ అంకె కోసం దాన్ని పణంగా పెట్టొద్దు.

నువ్వు రాసిన ప్రతి లైన్ ఇంటర్వ్యూలో ప్రశ్నగా తిరిగొస్తుంది. సీపీఎల్ కోసం చేసిన 300 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీ ఉంది కదా, అంటే దాదాపు 555 కిలోమీటర్లు, ఏ రూట్, ఎక్కడెక్కడ దిగావు, ఆ రోజు వాతావరణం ఎట్లా ఉంది, దారి మళ్లాల్సి వస్తే ఏ ఎయిర్‌ఫీల్డ్‌లో దిగాలనుకున్నావు, ఇవన్నీ అడగొచ్చు. నోటితో వివరంగా చెప్పగలిగిందే కాగితం మీద పెట్టు.

లైసెన్సుల దగ్గర సీపీఎల్, మల్టీ ఇంజిన్, ఐఆర్, ఆర్‌టీఆర్ (రేడియోలో మాట్లాడేందుకు కావలసిన లైసెన్సు), ఇంగ్లిష్ ప్రొఫిషియెన్సీ లెవెల్, క్లాస్ వన్ మెడికల్ (పైలట్ల ఆరోగ్య సర్టిఫికెట్), గడువు ఉన్న ప్రతిదానికీ ఆ తేదీ రాయాలి. ఐఆర్, మెడికల్ నీ వయసులో ఏడాదికే అయిపోతాయి, అయిపోయినవాటితో అప్లై చేస్తే ఫైలు అక్కడే ఆగుతుంది. టైప్ రేటింగ్ (ఏ320 లాంటి ఒక ఫలానా విమానం నడపడానికి ఇచ్చే అనుమతి) లేకపోతే ఆ వరుసే తీసెయ్, 'త్వరలో చేయబోతున్నా' అని రాయకు. చదువు రెండు లైన్లు, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్నట్టు కనబడితే చాలు. తెలుగు మీడియం అని దాచాల్సిన పని లేదు, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

సీపీఎల్ అయ్యాక రెండేళ్లు నాన్న రైస్ మిల్లు చూసుకున్నా, అది రాయాలా అన్నావు కదా. తప్పకుండా రాయి. ఆ రెండేళ్లు ఖాళీగా వదిలేస్తే అనుమానం వస్తుంది. మిల్లులో లెక్కలు, లేబర్, లారీల పని చూశానని ఒక లైన్, ఆ మధ్యలో ఏటీపీఎల్ పేపర్లు ఏమైనా పాసైతే అది ఇంకో లైన్. నా దృష్టిలో నీ రెజ్యూమెలో మిగతావాళ్లకి లేనిది అదే, సీజన్‌లో మిల్లు నడిపినవాడికి ఒత్తిడి అంటే ఏంటో తెలుసు.

ఇదంతా అయ్యాక పీడీఎఫ్ చేసి, ఫైలుకి నీ పేరు పెట్టి, ఆయా ఎయిర్‌లైన్స్ సొంత కెరీర్స్ పేజీలోనే పెట్టు. 'లోపల మనోళ్లున్నారు, ఇంత ఇస్తే పెట్టిస్తాం' అని ఫోన్లు చేసేవాళ్లకి రూపాయి కూడా ఇవ్వకు. పంపే ముందు మాత్రం నీ బ్యాచ్‌మేట్ ఎవరినైనా కూర్చోబెట్టి, లాగ్‌బుక్ వాళ్ల చేతికిచ్చి టేబుల్‌లో ప్రతి వరుసా మళ్లీ కూడించు.